వంతు తప్పని మేడమ్

మొన్న యూరియా కోసం సొసైటీ గోదాముకు వెళ్తే అక్కడ మనుషులు కనిపించలేదు, చెప్పులు కనిపించాయి. గేటు దగ్గర మొదలై రోడ్డు మలుపు దాకా, జత వెనక జత, బుద్ధిగా వరుసలో నిలబడి ఉన్నాయి. వాటి సొంతదార్లంతా వేపచెట్టు కింద చేరి లోకాభిరామాయణంలో ఉన్నారు. నేనూ నా జత విడిచి చివర పెట్టి, కాలుతున్న నేల మీద గెంతుకుంటూ నీడకు చేరాను. పక్కనున్న రైతు నన్ను చూసి, "ఏంది పెద్దనాయనా, నీలో నువ్వే నవ్వుతున్నవ్?" అన్నాడు. చెప్పినా నమ్మడు. ఈ విద్యను సముద్రం దాటించి, ఒక ఇంగ్లీషు మేడమ్‌కి నేర్పి వచ్చినవాణ్ణి నేను.

ఆమె పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, అప్పట్లో మేమెవరమూ ఆమెను పేరుతో అనుకున్నది లేదు. మిగతా ఇంగ్లీషు ఆడవాళ్ళను 'కుక్క మేడమ్', 'నల్లకళ్ళద్దాల మేడమ్' అని గుర్తులు పెట్టి చెప్పుకునేవాళ్ళం. ఉత్త 'మేడమ్' అంటే మాత్రం ఆమె ఒక్కతే.

డెబ్బైల మధ్యలో మాట. నేను ఒమన్‌కి సిమెంటు మోయడానికే పోయాను. ఇంటర్ తప్పిన చదువు కాబట్టి డబ్బాల మీది ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలనని తెలిసి, మస్కట్‌లోని రూవి పేటలో కోల్డ్ స్టోర్ నడిపే ఒక గుజరాతీ సేఠ్ నన్ను సైట్ నుంచి తెచ్చి కౌంటర్ దగ్గర నిలబెట్టాడు. ఓడలో వచ్చే వెన్న, జున్ను, మాంసం, డబ్బాల సరుకు అమ్మే కొట్టు అది. నాతోపాటు కడప నుంచి వచ్చిన మస్తాన్ అన్న ఉండేవాడు. వ్యాన్ నడపడం, బస్తాలు దించడం, నన్ను ఆటపట్టించడం ఆయన డ్యూటీ.

మేడమ్‌కి అప్పటికే అరవై దాటాయి. పొడుగ్గా, బక్కగా, ఎండకు కందిపోయిన ముఖంతో ఉండేది. ఏడాదికి ఒకటి రెండుసార్లు చినుకులు పడే ఊళ్ళో ఎప్పుడూ గొడుగు పట్టుకుని వచ్చేది, దాన్ని తెరవగా ఎవరమూ చూడలేదు. చేతికి మూతున్న పేము బుట్ట. మెళ్ళో తాడుకి కట్టిన భూతద్దం. ఆ భూతద్దం నా వైపు తిరిగిందంటే నాకు గుండెల్లో రాయి పడేది.

కౌంటర్ దగ్గరికి రాగానే ఒక గిన్నెడు నీళ్ళు అడిగేది. తాగడానికి కాదు. మా కోడిగుడ్లు ఒక్కొక్కటీ అందులో వేసి చూసేది. మునిగినవి బుట్టలోకి, తేలినవి నా వైపుకి. తేలినదాన్ని రెండు వేళ్ళతో తీసి నా ముందు పెట్టి, "ఇది ఫిర్యాదు కాదు," అనేది. ఏ ఫిర్యాదైనా అలాగే మొదలయ్యేది.

"ఇది ఫిర్యాదు కాదు. ఈ గుడ్డు నాకంటే ముందునుంచీ మస్కట్‌లో ఉన్నట్టుంది."

"ఇది ఫిర్యాదు కాదు. బిస్కట్లతో పాటు పురుగులు కూడా ఇచ్చారు, వాటికి విడిగా ధర వేయలేదు. మీ సేఠ్ మంచివాడు."

మస్తాన్ బస్తాల వెనక నిలబడి ఇదంతా చూసి, "ఈ యమ్మ గుడ్లు కొంటాందా, వాటికి ఈత నేర్పిస్తాందా?" అనేవాడు. నవ్వితే మేడమ్ చూస్తుంది. నవ్వకపోతే కడుపు నొప్పి. నా బతుకు అలా ఉండేది.

అసలు బాధంతా వెన్నతో. మాకు ఓడలో వచ్చేది ఉప్పు వేసిన వెన్న. ఆమెకు కావలసింది ఉప్పు లేనిది. ప్రతి సోమవారం అదే డబ్బా తీసుకుని, పోయిన వారం నుంచి ఈ వారానికి అందులో ఉప్పేమైనా తగ్గిందేమో అన్నట్టు, భూతద్దంతో అదే అక్షరాలు చదివేది. చదివి, నిట్టూర్చి, పెట్టేసేది. ఒకరోజు విసుగొచ్చి అడిగేశాను, ఉప్పంటే అంత పగ ఎందుకు మేడమ్ అని.

ఆమె దాచకుండా చెప్పింది. భర్త మత్రా రేవులో ఇంజనీరు. గుండె సరిగా లేదు. ఉప్పు తగలకూడదని కంపెనీ డాక్టర్ ఆజ్ఞ. మరొక్కసారి మంచం పడితే ఉద్యోగం ఆపించి, ఇద్దరినీ ఇంగ్లండ్ విమానం ఎక్కిస్తానని కూడా చెప్పాడట.

"ఇంటికే కదా మేడమ్," అన్నాను. మాబోటివాళ్ళకు టికెట్ ఇచ్చి ఇంటికి పంపుతామంటే పండగ.

"ఏ ఇల్లు?" అంది. ముప్పై ఏళ్ళుగా వేడి దేశాల్లోనే తిరిగారు. ఇంగ్లండ్‌లో వాళ్ళకు ఉన్నదల్లా ఆడపడుచు ఇంట్లో ఒక వెనకగది. అక్కడ చలిమంట వేసుకోవాలన్నా ఆవిణ్ణి అడగాలి. "ఆయన ఇంకో రెండేళ్ళు నిలబడితే చాలు, ఆ జీతంతో మాకంటూ ఒక తలుపు ఉంటుంది," అంది. చెప్పి, ఏమీ చెప్పనట్టు ఓట్స్ డబ్బా మీది అక్షరాలు చదవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత నాకు గుడ్ల ఈత మీద కోపం రాలేదు. ఈ చాదస్తమంతా ఒక మనిషిని రెండేళ్ళపాటు నిలబెట్టడానికని అర్థమైంది. మా అమ్మ వెన్న తీశాక చన్నీళ్ళలో వేసి పిసికి, నీళ్ళు పారబోసి, మళ్ళీ పిసికేది. ఆ సంగతి గుర్తొచ్చి, ఐసు నీళ్ళలో కడిగితే ఉప్పు పోతుందేమో చూడమన్నాను. ఆ వారం వెన్నతో పాటు కొంచెం ఐసు పట్టుకుపోయింది. మరుసటి సోమవారం వచ్చి, "ఇది ఫిర్యాదు కాదు," అని ఆగింది. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ దొరక్క కాసేపు ఇబ్బంది పడింది. చివరికి ఏడుసార్లు కడిగితే ఉప్పు పోయిందని చెప్పింది. అప్పటినుంచి ప్రతి సోమవారం వెన్న, ఐసు.

ఇక వరుస సంగతి. మా కౌంటర్ దగ్గర వరుస అనేది లేదు. చేతి మీద చెయ్యి, భుజం మీంచి భుజం, ఎవరి గొంతు గట్టిదైతే వాళ్ళ సరుకు ముందు. మేడమ్ మాత్రం అందరికంటే వెనక, మూరెడు దూరంలో నిలబడేది. అక్కడే వచ్చింది చిక్కు. ఆడమనిషి నిలబడి ఉండగా తాము సరుకు కొనడం ఒమనీలకు తలవంపు. ఆమెను చూడగానే పక్కకు తప్పుకుని, "తఫద్దలి," అని దారి చూపేవారు. మీరు ముందు రండి అని.

"వీళ్ళు నాకంటే ముందు వచ్చారు," అనేది మేడమ్, కదలకుండా.

వాళ్ళు కొనరు. ఆమె ముందుకు రాదు. వెనకున్న పఠాన్లు, మలయాళీలు ఇద్దరి మర్యాద మధ్యా ఇరుక్కుని చూస్తుండేవాళ్ళు. కొట్టు నిండా జనం, ఒక్క బేరం లేదు. ఒకసారి ఇలాగే పావుగంట గడిచాక సేఠ్ లోపలినుంచి వచ్చి, "ఏక్ మేడమ్ కే వాస్తే పూరా దుకాన్ బంద్?" అని నా మీద ఎగిరాడు. వచ్చే సోమవారానికి ఏదో ఒక దారి చూడకపోతే మళ్ళీ సిమెంటేనని చెప్పి లోపలికి పోయాడు.

సిమెంటు అంటే మనిషికి బుర్ర పనిచేస్తుంది. ఆ సోమవారం ఆమె రాగానే ఫ్యాను కింద కుర్చీ వేసి, చేతిలో బుట్ట తీసుకుని, చివరి మనిషి మడమల వెనక నేల మీద పెట్టాను.

"బుట్ట నిలబడుతుంది మేడమ్, మీరు కూర్చోండి. మా ఊళ్ళో కంట్రోల్ దుకాణం ముందు కిరసనాయిలు డబ్బాలు ఇట్లాగే నిలబడతాయి."

ఆమె బుట్టనీ నన్నూ చాలాసేపు పరిశీలించింది. "ముందుకు ఎవరు జరుపుతారు?"

"వెనకున్నవాళ్ళు. కాలితో."

"కాలితోనా?"

"చేత్తో మేడమ్," అని సర్దుకున్నాను.

"చాలా నాగరికమైన పద్ధతి," అని కూర్చుంది. మా ఊరి కిరసనాయిలు వరుసను నాగరికం అన్న మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే. ఆ డబ్బాలతోనే మావాళ్ళు తలలు పగలగొట్టుకున్న రోజులు కూడా ఉన్నాయని నేను చెప్పలేదు.

ఒమనీలకూ సమస్య తీరింది. కుర్చీలో కూర్చున్న ఆడమనిషి నిలబడ్డట్టు కాదు కదా. నెల తిరిగేసరికి ఇది అందరికీ అలవాటైపోయింది. వారం వారం రుస్తాఖ్ అనే ఊరి నుంచి పికప్‌లో ఖర్జూరాలు తెచ్చి అమ్ముకుని పోయే ఒక ముసలాయన తన చేతికర్రను వరుసలో పెట్టి మేడమ్ పక్కన బెంచీ మీద కూర్చునేవాడు. పఠాన్ మేస్త్రీ తన టిఫిన్ డబ్బా పెట్టేవాడు. కొత్తగా వచ్చినవాడు ఎవడైనా డబ్బాను దాటి ముందుకు పోబోతే మేడమ్ కుర్చీలోంచే గొడుగు చాచి వాడి దారికి అడ్డం పెట్టేది. మస్తాన్ ఆ వరుస చూసి, "ఇది దుకాణమా అప్పా, దొరికిన సామాన్లు పెట్టే పోలీస్ స్టేషనా?" అనేవాడు.

జూన్ నెలలో ఒక సోమవారం పొద్దున్నే రూవి అంతా కరెంటు పోయింది. మా జనరేటర్ ఫ్రీజర్ వరకే నడిచేది. ఐసు కోసం జనం ఎగబడ్డారు, ఎగబడి కూడా అలవాటు కొద్దీ తమ సామాన్లు వరుసలో పెట్టి కూర్చున్నారు. పదకొండు గంటలప్పుడు మేడమ్ వచ్చింది. తొమ్మిది సామాన్ల వెనక తన బుట్ట పెట్టి కుర్చీలో కూర్చుంది. గొడుగు లేదు, మెళ్ళో భూతద్దం లేదు. సోమవారం వెన్న కడిగే రోజు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. బుట్ట జరిగినప్పుడల్లా దాని వంక చూస్తోందని మాత్రం గమనించాను. అరగంట పట్టింది బుట్ట కౌంటర్ దగ్గరికి రావడానికి.

"వెన్నకి ఎంత ఐసు మేడమ్?"

"వెన్నకి కాదు," అంది. "ఆయన రేవు నుంచి వచ్చి వరండాలో పడిపోయారు. ఒళ్ళు కాలిపోతోంది. తడి దుప్పటి చుట్టి, వంటవాణ్ణి విసరమని చెప్పి వచ్చాను. మీరు ఎంత ఇవ్వగలిగితే అంత ఐసు ఇవ్వండి."

గుడ్డు తేలిందని చెప్పే గొంతుతోనే చెప్పింది. నాకు నిజంగా ఒళ్ళు మండింది.

"రాగానే ఎందుకు చెప్పలేదు మేడమ్?"

"నాకంటే ముందు తొమ్మిది మంది ఉన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరు పడిపోయారో నాకేం తెలుసు?"

"డాక్టర్‌ని పిలిచారా?" అని అడిగి, పిలిస్తే విమానమేనని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

మస్తాన్ తనకొచ్చిన అరబీలో రుస్తాఖ్ ముసలాయనకు విషయం చెప్పాడు. ఆయన కర్ర తీసి కౌంటర్ మీద ఒక్కటి కొట్టి నన్ను తిట్టడం మొదలుపెట్టాడు. నాకు సగమే అర్థమైంది. ఇంట్లో మనిషి ప్రాణం మీదకు వస్తే ఆడమనిషిని బుట్టకు కాపలా కూర్చోబెడతావా, నీకు కళ్ళున్నాయా అని. ఆ అర్థమైన సగం చాలు. అప్పటికే ఐసు కొని గోనెసంచుల్లో కట్టుకుంటున్నవాళ్ళు ఆ సంచులు తెచ్చి మేడమ్ కాళ్ళ దగ్గర పెట్టారు. "ఇది మీ వంతు ఐసు, నేను తీసుకోకూడదు," అని ఆమె ప్రతివాడికీ ఇంగ్లీషులో చెప్తూనే ఉంది. వాళ్ళకు ఇంగ్లీషు రాకపోవడం మంచిదైంది. పఠాన్ మేస్త్రీ రెండు దిమ్మలు భుజాన వేసుకున్నాడు. ముసలాయన తన పికప్‌లోని ఖర్జూరాల గంపలు మా కొట్లో దింపేసి, ఐసు వేసుకుని, ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పోయాడు. వెనకాల ఐసు మీద మస్తాన్ కూర్చున్నాడు.

రెండు గంటలకు మస్తాన్ తిరిగొచ్చాడు. అప్పటిదాకా నేను ఎవరికి ఏమి అమ్మానో నాకే తెలియదు.

"ఆ యమ్మ యుద్ధం కాలంలో నర్సంట అప్పా. డాక్టర్లు గూడా చాలరు. కాళ్ళకు, మెడకు ఐసు పెట్టించి గంటలో లేపి కూర్చోబెట్టింది. కండ్లు తెరవంగానే ఆ పెద్దాయన, మంచి చొక్కా తడిపినావని ఆమెను తిట్టినాడు."

చొక్కా గురించి తిట్టాడంటే బతికినట్టే.

గండం గడిచిందనుకున్నాం. బుధవారం నాడు కంపెనీ డాక్టర్ సిగరెట్ల కోసం వచ్చాడు. ఎర్రగా, లావుగా, కలుపుగోలు మనిషి. తనే స్వయంగా వరుసలో నిలబడి, వంతు వచ్చాక మెల్లగా అడిగాడు. సోమవారం మీ కొట్టు నుంచి నీళ్ళు కారుకుంటూ ఒక పికప్ ఇంజనీరు గారింటికి పోయిందట, ఏమిటది అని.

నిజం చెప్తే ఇద్దరూ విమానం ఎక్కుతారు. నా నోటికి వచ్చింది ఒకటే మాట. అంత ఐసు ఒక్కసారిగా ఇంగ్లీషువాళ్ళు ఎందుకు కొంటారో రెండేళ్ళుగా చూస్తున్నాను.

"పార్టీ సార్," అన్నాను.

డాక్టర్ ముఖం పాలిపోయింది. "పార్టీనా? సోమవారమా? ఎవరెవరు వచ్చారు?" అన్నాడు. నాకు తెలియదన్నాను. సిగరెట్లు తీసుకోకుండానే తల వంచుకుని వెళ్ళిపోయాడు.

"ఏం జేసినావప్పా, మనిషి ఏడ్చేటట్టు పోతాండాడు," అన్నాడు మస్తాన్.

మర్నాడు మేడమ్ వచ్చింది. బుట్ట పెట్టింది, కూర్చుంది, వంతు వచ్చాక లేచి వచ్చింది. "ఇది ఫిర్యాదు," అంది.

"తమను పార్టీకి పిలవలేదని డాక్టర్, ఆయన భార్య నా మీద అలిగారు. నేను ఎవరితోనూ అబద్ధం ఆడే మనిషిని కాదు. నిన్న మీ మూలంగా ఆడాను."

"ఏమని మేడమ్?"

"అసలు పార్టీ ఈ శుక్రవారం మధ్యాహ్నం అని. సోమవారం, ఈ ఎండకు ఐసు ఎంతసేపు నిలుస్తుందో చూశామని."

"నమ్మారా?"

"ఐసు విషయంలో మావాళ్ళు ఏది చెప్పినా నమ్ముతారు," అంది. అని, కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి గొంతు తగ్గించింది. "ఇప్పుడు ఆయన ఆ డాక్టర్ ఎదురుగా రెండు గంటలు నిలబడాలి. పది నిమిషాలు నిలబడలేకపోతున్నారు."

వాళ్ళ పార్టీల్లో ఎవరూ కూర్చోరట. గ్లాసు పట్టుకుని నిలబడే మాట్లాడుకోవాలి. ఇంటాయన కూర్చున్నాడంటే చాలు, డాక్టర్ వచ్చి నాడి పట్టుకుంటాడు. నేను మస్తాన్ వంక చూశాను. ఆయన నేను కూర్చునే ఎత్తు స్టూలు వంక చూశాడు.

శుక్రవారం కొట్టుకు సెలవు. నేను ముందే మేడమ్ ఇంటికి వెళ్ళి, పెద్ద టేబుల్‌ని గది మూలకు జరిపించి, నేల దాకా దుప్పటి పరిచి, వెనకాల స్టూలు వేశాను. సీసాలు ముట్టుకోనని ముందే చెప్పిన మస్తాన్ జుమ్మా నమాజు చేసుకుని ఐసు మాత్రం తెచ్చాడు. ఆ ఇంటాయన్ని అప్పుడే మొదటిసారి చూశాను. పొట్టి మనిషి, ఆమె భుజం దాకా వస్తాడు. తడిపి దువ్విన జుట్టు, ఇస్త్రీ చొక్కా. ఇద్దరం రెండు వైపులా పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాం. ముందునుంచి చూస్తే నిక్షేపంగా నిలబడి గ్లాసులు నింపుతున్న మనిషి.

వచ్చినవాళ్ళంతా ఆయన దగ్గరికే వచ్చి గ్లాసు నింపించుకున్నారు. గంటన్నర గడిచాక డాక్టర్‌కి ఉత్సాహం పుట్టి, తోటలో కొత్తగా వేసిన మొక్కలు చూపించు రమ్మని ఆయన భుజం పట్టుకున్నాడు. ఆయన ముఖం తెల్లబడింది. అదే క్షణంలో మేడమ్ చేతిలోంచి పింగాణీ జగ్గు జారి నేల మీద ముక్కలైంది. ఆ చేతుల్లోంచి గుడ్డు జారగా నేను ఎన్నడూ చూడలేదు. అందరూ ముక్కలు ఏరే పనిలో పడ్డారు, తోట మరుగున పడింది.

వెళ్ళేటప్పుడు డాక్టర్ టేబుల్ మీదుగా ఆయన చెయ్యి ఊపాడు. "మేమంతా గోడలకు ఆనుకున్నాం, నువ్వు ఉన్నచోటి నుంచి కదల్లేదు. నాకే నీ గుండె ఉంటే బాగుండేది. నీ ఉద్యోగం ఇంకో రెండేళ్ళు పొడిగించే కాగితం మీద రేపే సంతకం చేస్తాను," అన్నాడు.

చివరి కారు వెళ్ళిపోయాక మేడమ్ తలుపు వేసింది. వేసి, అక్కడే తలుపుకు ఆనుకుని ఏడ్చింది. నెమ్మదిగా కాదు, వెక్కి వెక్కి. స్టూలు మీదినుంచి తనంతట తాను దిగలేని ఆ పెద్దాయన కంగారుపడి, ఏమైంది, ఏమైంది అని అడుగుతున్నాడు.

"ఇంకో రెండేళ్ళు," అంది, వెక్కుతూనే. "ఇంకో రెండేళ్ళు ఆ కొట్టే. ఆ గుడ్లు, ఆ బిస్కట్లు, దిక్కుమాలిన ఆ వెన్న." అంటూనే పోయి ఆయన మెడ చుట్టూ చేతులు వేసింది.

మస్తాన్‌కి ఇంగ్లీషు రాదు. నా మోచెయ్యి పట్టుకుని, "ఏమంటాందప్పా?" అని అడిగాడు.

"మన దుకాణం మంచిగ లేదట అన్నా," అని చెప్పి, ఇంక ఆపుకోలేక ఐసు బకెట్ ఎత్తుకుని వంటింట్లోకి పోయాను.